ఎరుపుకు విలువ తెచ్చాకే కవరేజి: జావా, జెంకిన్స్ పైప్‌లైన్‌లో టెస్టులను దారిలో పెట్టడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పదిమంది డెవలపర్లు. బ్యాకెండ్ జావా, స్ప్రింగ్ బూట్, పోస్ట్‌గ్రెస్. ఫ్రంటెండ్ రియాక్ట్. కోడ్ మారినప్పుడల్లా బిల్డు చేసి టెస్టులు నడిపే జెంకిన్స్ సర్వర్‌లో సుమారు 1,800 టెస్టులు, ఒక్కో బిల్డుకు 50 నిమిషాలు. మూడు బిల్డుల్లో ఒకటి కారణం లేకుండా ఫెయిలవుతుంది, రీరన్ కొడితే పాసవుతుంది. ఇదిలా ఉండగా మేనేజరు కవరేజిని, అంటే టెస్టులు తాకే కోడ్ వాటాను, 80 శాతానికి తీసుకెళ్లమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కవరేజి నుంచి మాత్రం కాదు. ముందు ఒక చిన్న లెక్క చూడండి. 1,800 టెస్టుల్లో ప్రతిదీ సగటున 4,500 సార్లకు ఒకసారి ఉత్తి పుణ్యానికి ఫెయిలైతే చాలు, మూడింట ఒక బిల్డు ఎర్రబడుతుంది, అంటే ఫెయిలవుతుంది. విడిగా చూస్తే 4,500కు ఒకటి అంటే ఎవరికీ పట్టదు. ఇదే నాణ్యతతో కవరేజి కోసం టెస్టులను రెట్టింపు చేశారనుకోండి, 55 శాతం బిల్డులు ఎర్రబడతాయి. అంటే మేనేజరు అడిగింది అడిగినట్టు చేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఈ లెక్కను ఆయనకు చూపించండి. వాదన కంటే ఇది త్వరగా పనిచేస్తుంది.

ఇదే లెక్కలో మంచి కబురు కూడా ఉంది. నిజంలో ఫ్లేకీతనం, అంటే కోడ్ మారకుండానే ఒకసారి పాసై మరోసారి ఫెయిలయ్యే గుణం, టెస్టులన్నిటికీ సమానంగా పంచి ఉండదు. ఒక్కోటి 5 శాతం సార్లు ఫెయిలయ్యే టెస్టులు ఎనిమిది ఉన్నా, మిగతా 1,792 శుద్ధంగా ఉన్నా, సరిగ్గా మీ పరిస్థితే వస్తుంది. కాబట్టి మీరు వెతకాల్సింది 1,800 కాదు, బహుశా ఓ పది, పాతిక టెస్టులు.

మొదట కొలవండి

జెంకిన్స్ ఇప్పటికే జేయూనిట్ (జావా టెస్టు ఫ్రేమ్‌వర్క్) ఫలితాల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను దాస్తూ ఉంటుంది. గత నెల రోజుల ఫైళ్లన్నీ ఒక టేబుల్‌లోకి ఎక్కించండి. టెస్టు పేరు, కమిట్ హ్యాష్, ఫలితం, పట్టిన సమయం, నడిచిన ఏజెంట్ (బిల్డు నడిపే మెషీన్) పేరు, మొదలైన టైము ఉంటే చాలు. తరువాత ఒక్కటే ప్రశ్న వేయండి: ఒకే కమిట్ మీద ఒకసారి ఫెయిలై, మరోసారి పాసైన టెస్టులు ఏవి? అవే మీ ఫ్లేకీ జాబితా. డెవలపర్లను అడిగి తయారుచేసిన జాబితాను నమ్మకండి. మనుషులకు గుర్తుండేది నిన్న విసిగించిన టెస్టు. నెలంతా మెల్లగా తినేసింది గుర్తుండదు.

ఏజెంట్ పేరు, టైము ఊరికే పెట్టమనలేదు. ఫెయిలైనవన్నీ ఒకే ఏజెంట్ మీద పడితే తప్పు టెస్టులో లేదు, ఆ మెషీన్‌లో ఉంది. ఫెయిల్యూర్లన్నీ రాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 మధ్యే ఉంటే కారణం దాదాపు దొరికినట్టే. దాని సంగతి కింద చెప్తాను.

ఏజెంట్లు ఖాళీగా ఉండే రాత్రివేళ మెయిన్ బ్రాంచ్‌లోని ఒకే కమిట్‌ను ఏజెంట్లకు పంచి 20 సార్లు నడిపే జాబ్ ఒకటి పెట్టండి. కోడ్ మారలేదు కాబట్టి అందులో వచ్చే ప్రతి ఎరుపూ ఫ్లేకే. వారం తిరిగేసరికి 140 రన్‌లు చేతిలో ఉంటాయి.

ఇంకొకటి వెంటనే చూడండి. జెంకిన్స్‌లో టెస్టు ఫెయిలైతే జేయూనిట్ స్టెప్ బిల్డును ఎర్రగా కాదు, పసుపుగా, అంటే అన్‌స్టేబుల్‌గా గుర్తిస్తుంది. మేవెన్ బిల్డ్ టూల్‌లో టెస్ట్ ఫెయిల్యూర్ ఇగ్నోర్ పెట్టి ఉంటే తరువాతి స్టేజీలు, డిప్లాయ్‌తో సహా, నడుచుకుంటూ పోతాయి. డిక్లరేటివ్ పైప్‌లైన్ ఆప్షన్లలో 'స్కిప్ స్టేజెస్ ఆఫ్టర్ అన్‌స్టేబుల్' ఉందో లేదో చూసుకోండి. చాలా పైప్‌లైన్లలో అది ఉండదు. టెస్టులు కాపలా కాస్తున్నాయని అందరూ అనుకుంటూ ఉంటారు, తలుపు మాత్రం తీసే ఉంటుంది.

కారణాలు ఎక్కడ దాక్కుంటాయి

2014లో అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టులను సరిచేసిన 201 కమిట్లను పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. కారణం తేలినవాటిలో సుమారు 45 శాతం ఎసింక్ పని (వెనకాల విడిగా నడిచే పని) పూర్తయ్యేదాకా సరిగా ఆగకపోవడం. సుమారు 20 శాతం థ్రెడ్ల పోటీ. సుమారు 12 శాతం టెస్టుల వరసపై ఆధారపడటం. స్ప్రింగ్ ప్రాజెక్టుల్లో కూడా మొదట చూడాల్సినవి ఇవే. కాకపోతే వీటిని పుట్టించే స్ప్రింగ్ తరహా మార్గాలు కొన్ని ఉన్నాయి.

ఆగడం గురించి ముందు. కోడ్‌లో థ్రెడ్ స్లీప్ ఎక్కడెక్కడుందో గ్రెప్ చేయండి. రెండు సెకన్ల స్లీప్‌కు రెండు దోషాలు. మెషీన్ బిజీగా ఉన్నప్పుడు చాలదు, ఖాళీగా ఉన్నప్పుడు వృథా. మూడు సెకన్లకు పెంచడం పరిష్కారం కాదు. ఆవెయిటిలిటీ లైబ్రరీ వాడి, షరతు నిజమయ్యేదాకా ఆగమనండి. డిఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్లకోసారి చూస్తుంది, 10 సెకన్లకు చేతులెత్తేస్తుంది. పని 150 మిల్లీసెకన్లలో అయిపోతే టెస్టూ దాదాపు అంతలోనే ముగుస్తుంది.

అసలు చిక్కు 'ఇది జరగకూడదు' అని చెక్ చేసే టెస్టులతో. డూప్లికేట్ మెసేజ్ వస్తే రెండో ఇన్వాయిస్ పుట్టకూడదు అనుకుందాం. దేనికోసం ఆగుతారు? ఇక్కడ స్లీప్ పెడితే టెస్టు ఫెయిలవదు, అబద్ధంగా పాసవుతుంది. అది ఇంకా ప్రమాదం. మార్గం ఏమిటంటే, ఆ డూప్లికేట్ వెనకాలే అదే కాఫ్కా పార్టిషన్‌లోకి (మెసేజ్‌లు నిలిచే ఒక వరసలోకి) గుర్తుగా మరో మామూలు మెసేజ్ పంపండి. దాని ఫలితం కనిపించేదాకా ఆగండి. పార్టిషన్‌లో వరస తప్పదు కాబట్టి, ఆ గుర్తు మెసేజ్ పూర్తయిందంటే డూప్లికేట్ కూడా అప్పటికే ప్రాసెస్ అయిపోయింది. అప్పుడు ఇన్వాయిస్‌లు లెక్కపెట్టండి.

బ్రౌజర్‌ను నడిపే సెలీనియంలో ఇంప్లిసిట్ వెయిట్ (ప్రతి ఎలిమెంట్ వెతుకులాటకూ వర్తించేది), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒక షరతు కోసం ఆగేది) రెండూ కలిపి వాడకండి. 10 సెకన్లది ఒకటి, 15 సెకన్లది ఒకటి పెడితే టైమవుట్ 20 సెకన్లకు రావచ్చని సెలీనియం డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఇంప్లిసిట్‌ను సున్నా చేసి, అన్నిచోట్లా ఎక్స్‌ప్లిసిట్ వాడండి.

ఇక వరస. 'నా ల్యాప్‌టాప్‌లో పాసవుతోంది' అనే మాట వెనక తరచుగా ఉండేది ఇదే. మేవెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ డిఫాల్ట్‌గా టెస్టు క్లాసులను ఫైల్‌సిస్టమ్ ఇచ్చిన వరసలో నడుపుతుంది. ఆ వరస మ్యాక్‌లో ఒకలా, లినక్స్ ఏజెంట్‌లో మరోలా ఉండొచ్చు. ఒక క్లాసు స్టాటిక్ ఫీల్డులోనో, డేటాబేసులోనో చెత్త వదిలితే తరువాత వచ్చిన క్లాసు బలవుతుంది. దీన్ని దాచకుండా బయటకు లాగాలి. జేయూనిట్ 5లో క్లాసుల వరసను, మెథడ్ల వరసను రెండింటినీ ర్యాండమ్ చేసి, ర్యాండమ్ సీడ్‌ను బిల్డ్ నంబరుగా పెట్టండి. ఫెయిలైన బిల్డు వరసను ఎవరైనా తమ మెషీన్‌లో మళ్లీ రప్పించగలగాలి, సీడ్ ఉన్నది అందుకే. దోషిని పట్టడం సగం సగం కోసుకుంటూ పోవడమే. బలైన టెస్టుకు ముందు నడిచిన 400 క్లాసుల్లో మొదటి సగంతో నడపండి, ఫెయిలైతే అందులో సగం. తొమ్మిది రన్‌లలో దొరుకుతుంది. మొదట్లో ర్యాండమ్ వల్ల ఎరుపులు పెరుగుతాయి, కాబట్టి రాత్రి జాబ్‌లోనే మొదలుపెట్టి, శుభ్రమయ్యాక పగటి పైప్‌లైన్‌లోకి తెండి.

స్ప్రింగ్ కాంటెక్స్ట్: సమయం, ఫ్లేక్ రెండూ ఇక్కడే

మీ 50 నిమిషాల్లో పెద్ద భాగం, మీ ఎరుపుల్లో కొంత భాగం, ఈ ఒక్కచోటే ఉండే అవకాశం ఎక్కువ. అందుకే కాస్త ఆగి చెప్తాను.

స్ప్రింగ్ టెస్టు ఒకసారి లేపిన అప్లికేషన్ కాంటెక్స్ట్‌ను (అప్లికేషన్ భాగాలన్నీ కూర్చిన సెటప్‌ను) క్యాష్ చేసి, అదే కాన్ఫిగరేషన్ కావాల్సిన తరువాతి టెస్టుకు ఇస్తుంది. 'అదే కాన్ఫిగరేషన్' అన్నదే కీలకం. ఒక క్లాసులో పేమెంట్ సర్వీసును మాక్‌బీన్‌గా (అసలుదాని స్థానంలో నకిలీగా) పెడితే అది వేరే కాంటెక్స్ట్. ఇంకో క్లాసులో మెయిల్ సర్వీసును పెడితే ఇంకొకటి. యాక్టివ్ ప్రొఫైల్ మారినా, ఒక్క ప్రాపర్టీ మారినా మళ్లీ కొత్తది. డర్టీస్‌కాంటెక్స్ట్ పెడితే ఉన్నది కూడా పారేస్తుంది. ఒక్కో కాంటెక్స్ట్ లేవడానికి 20 సెకన్లు పడితే, 60 రకాల కాంటెక్స్టులకు 20 నిమిషాలు. ఒక్క టెస్టు కూడా నడవకముందే అయిన ఖర్చు అది.

స్ప్రింగ్ టెస్ట్ కాంటెక్స్ట్ క్యాష్ ప్యాకేజీకి లాగింగ్ లెవల్‌ను డీబగ్ చేయండి. క్యాష్‌లో ఎన్ని ఉన్నాయి, ఎన్నిసార్లు దొరికింది, ఎన్నిసార్లు దొరకలేదు అన్నీ లాగ్‌లో పడతాయి. దొరకని సంఖ్యే మీరు లేపిన కాంటెక్స్టుల సంఖ్య. దాన్ని మూడు, నాలుగుకు దించడం లక్ష్యం. వెబ్ పొరకు ఒక బేస్ క్లాసు, పూర్తి ఇంటిగ్రేషన్‌కు ఒక బేస్ క్లాసు పెట్టి, మాక్ చేయాల్సిన బయటి సర్వీసులన్నీ అందులోనే ప్రకటించండి. క్లాసు క్లాసుకూ విడిగా మాక్‌బీన్ పెట్టడం మానండి. స్ప్రింగ్ బూట్ 3.4 నుంచి మాక్‌బీన్ స్థానంలో మాకిటోబీన్ వచ్చింది, కానీ ఈ ఖర్చు దానికీ తప్పదు. క్యాష్ గరిష్ఠ పరిమాణం డిఫాల్ట్‌గా 32. అది దాటితే పాతవి పోయి మళ్లీ లేస్తుంటాయి. పరిమాణం పెంచడం కంటే రకాలు తగ్గించడం మేలు, ఎందుకో ఇప్పుడు చూడండి.

క్యాష్‌లో కూర్చున్న కాంటెక్స్ట్ తన కనెక్షన్లను వదలదు. దాని హికారి పూల్ (డేటాబేసు కనెక్షన్ల నిల్వ) డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లు పట్టుకునే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్ కోసం రిజర్వు. పదో కాంటెక్స్ట్ లేచేసరికి కనెక్షన్లు అయిపోతాయి, ఆపైన కనెక్షన్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ ఏ టెస్టులో పడితే ఆ టెస్టుది తప్పనుకుంటారు. నిజానికి టెస్టుకు సంబంధమే లేదు. టెస్ట్ ప్రొఫైల్‌లో పూల్ సైజు 3కు దించండి. 1కి మాత్రం దించకండి. రిక్వైర్స్ న్యూ ట్రాన్సాక్షన్ ఉన్నచోట, మొదటి కనెక్షన్ చేతిలో పెట్టుకుని రెండోదానికోసం ఎదురుచూసి, 30 సెకన్ల తరువాత టైమవుట్‌తో చస్తుంది.

కనెక్షన్లతో ఆగదు. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 7 కంటే పాత వెర్షన్లలో, వాడుకలో లేని కాంటెక్స్ట్‌లోని షెడ్యూల్డ్ జాబులు, కాఫ్కా లిజనర్లు కూడా నడుస్తూనే ఉంటాయి. ఇప్పుడు నడుస్తున్న టెస్టు పంపిన మెసేజ్‌ను, అదే కన్స్యూమర్ గ్రూపులో ఉన్న పాత కాంటెక్స్ట్ లిజనర్ ఎగరేసుకుపోవచ్చు. అక్కడ ఆ సర్వీసు మాక్ కాబట్టి ఏమీ జరగదు, ఇక్కడ టెస్టు పది సెకన్లు చూసి ఫెయిలవుతుంది. లాగ్ ఎంత చదివినా అర్థంకాని ఫ్లేకుల్లో ఇదొకటి. టెస్ట్ ప్రొఫైల్‌లో లిజనర్ల ఆటో స్టార్టప్ ఆపేసి, కావాల్సిన టెస్టులోనే ఆన్ చేసి, పని అయ్యాక ఆపండి. షెడ్యూలింగ్ కూడా డిఫాల్ట్‌గా ఆఫ్. షెడ్యూల్డ్ మెథడ్‌ను టెస్టు నేరుగా పిలిస్తే సరిపోతుంది.

టెస్టు కోసం డాకర్‌లో డేటాబేసు లాంటివి లేపే టెస్ట్‌కంటైనర్స్‌తో ఒక ఉచ్చు ఉంది. టెస్టు క్లాసులో స్టాటిక్ కంటైనర్ పెట్టి జేయూనిట్ ఎక్స్‌టెన్షన్‌కు అప్పగిస్తే, ఆ క్లాసు అయిపోగానే అది కంటైనర్‌ను ఆపేస్తుంది. ఆ కంటైనర్‌ను బేస్ క్లాసులో పెట్టి పంచుకుంటే, స్ప్రింగ్ క్యాష్ మాత్రం పాత పోర్టుతో ఉన్న కాంటెక్స్ట్‌నే తరువాతి క్లాసుకు ఇస్తుంది. ఫలితం కనెక్షన్ రిఫ్యూజ్డ్. కంటైనర్‌ను జేవీఎం మొత్తానికి ఒక్కసారే స్టాటిక్ బ్లాకులో లేపండి, లేదా స్ప్రింగ్ బూట్ 3.1 నుంచి ఉన్న సర్వీస్ కనెక్షన్ పద్ధతిలో బీన్‌గా ప్రకటించండి.

డేటాబేసు మాటల్లో ఉన్నాం కాబట్టి ఇంకొన్ని. వేగంగా ఉంటుందని, మెమరీలో నడిచే హెచ్‌2 డేటాబేసు వాడుతుంటే వదిలేయండి. జేసన్‌బీ, లాకింగ్ ప్రవర్తన పోస్ట్‌గ్రెస్‌లా ఉండవు. టెస్టు పాసై ప్రొడక్షన్‌లో పడే బగ్గులు అక్కడే పుడతాయి. నిజమైన పోస్ట్‌గ్రెస్‌నే వేగంగా నడపొచ్చు. ఎఫ్‌సింక్, సింక్రనస్ కమిట్, ఫుల్ పేజ్ రైట్స్ ఆఫ్ చేసి, డేటా డైరెక్టరీని టెంప్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టండి. టెస్టు డేటా పోతే పోయింది, నష్టం లేదు. టేబుళ్లను కట్టే ఫ్లైవే మైగ్రేషన్లను ఒక టెంప్లేట్ డేటాబేసులో ఒక్కసారి నడిపి, ప్రతి టెస్ట్ ప్రాసెస్‌కూ క్రియేట్ డేటాబేస్ కమాండ్‌లో టెంప్లేట్ క్లాజుతో కాపీ తీయండి. కాపీ తీసేటప్పుడు టెంప్లేట్‌కు ఏ కనెక్షనూ ఉండకూడదు, ఉంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు.

టెస్టు మీద ట్రాన్సాక్షనల్ పెట్టి చివర రోల్‌బ్యాక్ చేయించడం సుఖంగానే ఉంటుంది, కానీ అది దాచేవి కొన్ని ఉన్నాయి. డిఫర్డ్ కన్‌స్ట్రెయింట్లు కమిట్ దగ్గర గానీ చెక్ కావు, కమిట్ రాదు. ఆఫ్టర్ కమిట్ లిజనర్లు అసలు నడవవు. లేజీ లోడింగ్ ఎర్రర్లు సెషన్ తెరిచే ఉండటంతో కనపడవు. ర్యాండమ్ పోర్టు మీద నిజమైన సర్వర్‌ను లేపి హెచ్‌టీటీపీతో పిలిచే టెస్టులో రోల్‌బ్యాక్ పనే చేయదు, ఎందుకంటే సర్వర్ వేరే థ్రెడ్‌లో తన ట్రాన్సాక్షన్‌ను కమిట్ చేసేసి ఉంటుంది. ఇలాంటివాటికి ప్రతి టెస్టుకు ముందు టేబుళ్లను ట్రంకేట్ చేయండి. తరువాత కాదు, ముందు. ఫెయిలైన టెస్టు డేటా చూసుకోవడానికి మిగులుతుంది.

ఆర్డర్ బై లేని సెలెక్ట్‌ను వరసతో పోల్చే టెస్టులు కూడా గ్రెప్ చేయండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక రో అప్‌డేట్ అయితే అది వేరేచోట వచ్చి కూర్చోవచ్చు.

గడియారం

జెంకిన్స్ ఏజెంట్లు సాధారణంగా యూటీసీలో ఉంటాయి, మన ల్యాప్‌టాప్‌లు ఐఎస్‌టీలో. మధ్య తేడా 5:30 గంటలు. ఒకచోట యూటీసీ తేదీ, మరోచోట ఆసియా కోల్‌కతా తేదీ తీసుకుని పోల్చే టెస్టు పగలంతా పాసై, మన అర్ధరాత్రి నుంచి 5:30 వరకు ఫెయిలవుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వేళలకు పనిచేసే టీములకూ, అర్ధరాత్రికి షెడ్యూల్ చేసిన నైట్లీ బిల్డులకూ సరిగ్గా అదే సమయం. కోడ్‌లో నౌ అని నేరుగా పిలవకుండా జావా టైమ్‌లోని క్లాక్ ఆబ్జెక్టును ఇంజెక్ట్ చేయండి. టెస్టులో ఫిక్స్‌డ్ క్లాక్ ఇవ్వండి.

మనకు డేలైట్ సేవింగ్ లేదు కాబట్టి అది మన తలలోకి రాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం రోజుకు 23 గంటలు, నవంబరు మొదటి ఆదివారం 25 గంటలు. '24 గంటలు కలపడం', 'ఒక రోజు కలపడం' ఆ రెండు రోజులూ ఒకటి కావు. జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి చివరి తేదీ వస్తుంది. ఆర్థిక సంవత్సరం మారే మార్చి 31, ఏప్రిల్ 1 కూడా ఫిక్స్‌డ్ క్లాక్‌తో రాయాల్సిన తేదీలే. నైట్లీలో జేవీఎం టైమ్‌జోన్‌ను ఒకసారి యూటీసీ, ఒకసారి కోల్‌కతా, ఒకసారి న్యూయార్క్‌గా ఇచ్చి నడపండి.

మ్యాక్‌లో పాసై జెంకిన్స్‌లో ఫెయిలయ్యే మరో రకం: జేడీకే 15 నుంచి లినక్స్‌లో ఇన్‌స్టంట్ నానోసెకన్ల దాకా ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ మైక్రోసెకన్లే దాస్తుంది. రాసింది, చదివింది సమానం కావు. పోల్చే ముందు మైక్రోసెకన్లకు కత్తిరించండి.

ఏజెంట్ మెషీన్లు

డాకర్ కంటైనర్లలో షేర్డ్ మెమరీ డిఫాల్ట్‌గా 64 ఎంబీ. క్రోమ్‌కు అది చాలక ట్యాబ్ క్రాష్ అవుతుంది, సెలీనియం ఏదో సంబంధంలేని ఎర్రర్ చూపిస్తుంది. షేర్డ్ మెమరీ సైజు 1 జీబీ ఇవ్వండి. ప్రాసెస్ ఎగ్జిట్ కోడ్ 137 వస్తే ఎవరో కిల్ సిగ్నల్ పంపారని అర్థం. కంటైనర్లలో చాలావరకు మెమరీ హద్దు దాటడమే కారణం, మెమరీ గ్రాఫుతో పోల్చి చూడండి. జేవీఎం డిఫాల్ట్‌గా కంటైనర్ మెమరీలో పావు వంతే హీప్‌కు తీసుకుంటుంది, కానీ ఫోర్కులు, అంటే పక్కపక్కనే నడిచే జేవీఎంలు, నాలుగు పెడితే పావులు నాలుగు. హీప్ బయటి మెమరీకి, పక్కన నడిచే క్రోమ్‌కు ఇక చోటెక్కడ? పోర్టులు ఎప్పుడూ ఫిక్స్ చేయకండి, 0 ఇచ్చి ఆపరేటింగ్ సిస్టమ్‌నే ఎంచుకోనివ్వండి. బిల్డుకు మొత్తం టైమవుట్ పెట్టండి. హ్యాంగైన బిల్డు ఏజెంట్‌ను రాత్రంతా పట్టుకు కూర్చోకూడదు.

రీట్రై, క్వారంటీన్

ష్యూర్‌ఫైర్‌లో ఫెయిలైన టెస్టును మళ్లీ నడిపే ఆప్షన్ ఉంది. రెండు రీట్రైలు పెడితే 10 శాతం ఫెయిలయ్యే టెస్టు 0.1 శాతానికి పడిపోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ పది రిక్వెస్టుల్లో ఒకదాన్ని పాడుచేసే నిజమైన రేస్ కండిషన్ (థ్రెడ్ల పోటీ వల్ల పుట్టే బగ్గు) కూడా అదే లెక్కన మాయమవుతుంది. అందుకే నా అభిప్రాయం ఇది: బ్రౌజర్ టెస్టులకు ఒక్క రీట్రై సరే, యూనిట్ టెస్టులకు సున్నా. రీట్రైతో పాసైనవాటిని ష్యూర్‌ఫైర్ రిపోర్టులో ఫ్లేకీ ఫెయిల్యూర్‌గా విడిగా రాస్తుంది. దాన్ని కూడా మీ టేబుల్‌లోకి లాగండి, లేకపోతే రీట్రై అంటే కార్పెట్ కింద చెత్త తోయడమే.

ఫ్లేకీ అని తేలిన టెస్టుకు జేయూనిట్ ట్యాగ్ పెట్టి మెర్జ్‌ను ఆపే జాబ్ నుంచి తీసేయండి, అదే రోజు. విడి జాబ్‌లో నడుస్తూనే ఉంటుంది, క్వారంటీన్ అంటే ఇదే. షరతులు మూడు: ఒక మనిషి పేరు, ఒక టికెట్, రెండు వారాల గడువు. గడువు దాటితే తొలగించండి. ఎవరూ రెండు వారాల్లో పట్టించుకోని టెస్టు ఎవరినీ కాపాడట్లేదు. ఒక్క మినహాయింపు, డబ్బు లెక్కలు, లాగిన్, పర్మిషన్లు: ఇవి ఫ్లేకీ అయితే మిగతా పని ఆపి సరిచేయాల్సిందే. క్వారంటీన్‌లో 15 దాటితే కొత్త టెస్టుల కంటే వాటికే ముందు చోటు.

సరిచేశామని ఎప్పుడు నమ్మాలి? 2 శాతం ఫెయిలయ్యే టెస్టు, ఏమీ చేయకపోయినా, 50 సార్లు వరసగా పాసయ్యే అవకాశం 36 శాతం ఉంది. 95 శాతం నమ్మకం కావాలంటే దాదాపు 150 సార్లు వరసగా పాసవ్వాలి. సులువైన సూత్రం: 3ను ఫెయిల్యూర్ రేటుతో భాగించండి. జేయూనిట్‌లో రిపీటెడ్ టెస్ట్ అందుకే ఉంది. నడిపేటప్పుడు మెషీన్ ఖాళీగా ఉంచకండి, పక్కన సీపీయూను బిజీగా ఉంచే ప్రోగ్రాం ఒకటి నడపండి. రేసులు ఖాళీ మెషీన్‌లో బయటపడవు.

50 నిమిషాలను 10కి దించడం

ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో కెంట్ బెక్ బిల్డుకు పది నిమిషాల హద్దు పెట్టారు. ఈనాటికీ సరైన లక్ష్యం అదే. పది దాటితే మనిషి వేరే పనిలోకి వెళ్తాడు, తిరిగి వచ్చేసరికి తల ఖాళీ.

ఏజెంట్లు పెంచి విడగొట్టడమే అందరికీ ముందు తట్టే ఉపాయం. లెక్క వేసి చూడండి. 50లో 6 నిమిషాలు చెకవుట్, కంపైల్, ఇమేజ్ లాగడం, 44 టెస్టులు అనుకుందాం. నాలుగు ముక్కలు చేస్తే 17 నిమిషాలు. ఎనిమిది చేస్తే 11.5. పదహారు చేస్తే 8.75, కానీ ఏజెంట్ సమయం 50 నుంచి 140 నిమిషాలకు పెరుగుతుంది, క్లౌడ్ బిల్లు కూడా. అదే ముందుగా ఆ 6ను 2కు దించితే, ఎనిమిది ముక్కలతో 7.5 నిమిషాలు, ఏజెంట్ సమయం 60. కాబట్టి మొదట స్థిర ఖర్చు మీద పడండి. డిపెండెన్సీలన్నీ ఏజెంట్ ఇమేజ్‌లోనే కాల్చి పెట్టండి, కంపైల్ ఒక్కసారి చేసి ఆ ఫలితాన్ని ముక్కలన్నిటికీ పంచండి. తరువాత స్ప్రింగ్ కాంటెక్స్టులు. ఆ తరువాతే ముక్కలు.

ముక్కలు ఫైళ్ల సంఖ్యతో కాదు, పాత రన్‌ల సమయంతో విడగొట్టాలి. జెంకిన్స్ పారలల్ టెస్ట్ ఎగ్జిక్యూటర్ ప్లగిన్ ఆ పని చేస్తుంది. ఒకే క్లాసు 6 నిమిషాలు తింటుంటే ఎన్ని ఏజెంట్లు పెట్టినా 6 కంటే కిందికి రాదు, దాన్ని చీల్చాలి. ఒకే మెషీన్‌లో ఫోర్కులు పెడితే రీయూజ్ ఫోర్క్స్ ఆన్‌లోనే ఉంచండి. ఆఫ్ చేస్తే ప్రతి క్లాసుకూ కొత్త జేవీఎం, కాంటెక్స్ట్ క్యాష్ దండగ. ఫోర్క్ నంబరుతో డేటాబేసు పేరు పెడితే ఒకరి డేటా ఒకరు తొక్కుకోరు.

కొత్త పుష్ రాగానే అదే బ్రాంచ్ పాత బిల్డును రద్దు చేసే సెట్టింగ్ పెట్టండి. డిజేబుల్ కంకరెంట్ బిల్డ్స్‌కు అబార్ట్ ప్రీవియస్ జతచేస్తే చాలు. ఏజెంట్ల క్యూ మీద దీని ప్రభావం ఆశ్చర్యపరుస్తుంది. మెయిన్ బ్రాంచ్‌కు మాత్రం పెట్టకండి. అక్కడ ఏ కమిట్ విరగ్గొట్టిందో తెలియాలి.

మెర్జ్ దగ్గర

రెండు పుల్ రిక్వెస్టులు విడివిడిగా ఆకుపచ్చ, కలిస్తే ఎరుపు. ఒకరు మెథడ్ పేరు మార్చారు, ఇంకొకరు పాత పేరుతో కొత్తగా పిలిచారు. గిట్‌కు కాన్‌ఫ్లిక్ట్ కనిపించదు. మందు మెర్జ్ క్యూ: గిట్‌హబ్‌లో ఆ పేరుతోనే, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ ట్రెయిన్‌గా ఉంది. కలిపాక ఎలా ఉంటుందో ముందే టెస్టు చేసి, పాసైతేనే మెయిన్‌లోకి పంపుతుంది. రస్ట్ భాష ప్రాజెక్టు ఎన్నో ఏళ్లుగా బోర్స్ అనే బాట్‌తో చేస్తున్నదిదే. కానీ ఫ్లేకులు తగ్గకముందు క్యూ పెట్టకండి. మూడింట ఒకటి ఉత్తినే ఫెయిలయ్యే చోట క్యూ పెడితే మెర్జ్‌లు నత్తనడక నడుస్తాయి.

అయినా మెయిన్ ఎరుపైతే నియమం ఒక్కటే: 15 నిమిషాల్లో దారి దొరక్కపోతే రివర్ట్. రివర్ట్ అంటే తిట్టు కాదని టీమ్ లీడ్ తన కమిట్‌నే మొదట రివర్ట్ చేసి చూపించాలి. ఏ కమిట్టో తెలియకపోతే గిట్ బైసెక్ట్ రన్‌కు స్క్రిప్టు ఇవ్వండి. కంపైల్ కాని కమిట్ దగ్గర స్క్రిప్టు 125 తిరిగిస్తే దాన్ని దాటవేస్తుంది.

బ్రౌజర్ టెస్టులు, బయటి సర్వీసులు

మెర్జ్‌ను ఆపే బ్రౌజర్ టెస్టులు 10, 15 మించనవసరం లేదు: లాగిన్, ఆర్డరు, చెల్లింపు, రీఫండ్ లాంటి ప్రాణాధార దారులు. ఫారంలోని ప్రతి ఎర్రర్ మెసేజ్‌నూ సెలీనియంతో చూడక్కర్లేదు, రియాక్ట్ కాంపొనెంట్ టెస్టు మిల్లీసెకన్లలో చూస్తుంది. ఫెయిలైన ప్రతిసారీ స్క్రీన్‌షాట్, బ్రౌజర్ కన్సోల్, సర్వర్ లాగ్ మూడూ బిల్డుకు జతకావాలి. కొత్తగా రాసేవి ప్లేరైట్ అనే బ్రౌజర్ టెస్టు టూల్‌లో రాస్తే మొదటి రీట్రైలో ట్రేస్ పట్టే సెట్టింగ్ ఉంటుంది, మళ్లీ రప్పించే శ్రమ తగ్గుతుంది.

పేమెంట్ గేట్‌వే శాండ్‌బాక్స్‌ను మెర్జ్ పైప్‌లైన్‌లోంచి పిలవకండి. వాళ్ల మెయింటెనెన్స్ మీ ఎరుపు కాకూడదు. బయటి సర్వీసులా నటించే వైర్‌మాక్‌తో బదులివ్వండి. ఆలస్యం, 500 ఎర్రర్, సగంలో తెగిన కనెక్షన్, డూప్లికేట్ కాల్‌బ్యాక్ కూడా వైర్‌మాక్‌తో వేయండి. శాండ్‌బాక్స్‌లో ఇవి అడిగినప్పుడు రావు. మీ వైర్‌మాక్ సమాధానాలు నిజానికి దూరం కాకుండా నైట్లీలో శాండ్‌బాక్స్‌తో ఒకసారి పోల్చుకోండి.

ఇప్పుడు కవరేజి

కవరేజి కొలిచే జాకోకో 80 శాతం అన్నదాంట్లో అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే లైను) ఒక్కటీ లేని టెస్టులు కూడా లెక్కకొస్తాయి. మొత్తం శాతానికి బదులు, మారిన లైన్లకు హద్దు పెట్టండి, ఉదాహరణకు పుల్ రిక్వెస్టులో కొత్త లైన్లలో 80. పాత కోడ్ జోలికి వెళ్లేటప్పుడే టెస్టులు పెరుగుతాయి, శాతం కోసం గెటర్లకు టెస్టులు రాసే దుస్థితి రాదు. పన్ను, వడ్డీ, డిస్కౌంట్ లెక్కించే ప్యాకేజీల మీద మాత్రం పిట్ అనే మ్యుటేషన్ టూల్ నైట్లీలో నడపండి. అది 'ఎక్కువ లేదా సమానం'ను 'ఎక్కువ'గా మార్చి, మీ టెస్టులు పసిగడతాయా లేదా చూస్తుంది. 95 శాతం కవరేజి ఉన్న క్లాసులో సగం మార్పులు ఎవరికీ పట్టుబడకుండా బతికి బయటపడటం అరుదేం కాదు. రిపో మొత్తం మీద నడిపితే గంటలు పడుతుంది, ఆ పని చేయకండి.

టెస్టు డేటాలో తెలుగు పేర్లు పెట్టండి. 'శ్రీ' తెరమీద ఒక అక్షరం, జావా స్ట్రింగ్‌లో నిడివి 4, యూటీఎఫ్ 8లో 12 బైట్లు. నిడివి చెక్ బ్రౌజర్‌లో ఒకలా, బైట్లలో లెక్కపెట్టే పార్ట్‌నర్ ఏపీఐలో మరోలా ఉంటే ఆ ఒక్క పేరుతో బయటపడుతుంది.

మేనేజరుకు వారం వారం చూపాల్సినవి నాలుగు: కోడ్ మారకుండానే ఎర్రబడిన బిల్డుల శాతం, పుష్ నుంచి ఫలితం వచ్చేదాకా పట్టిన సమయం, మెయిన్ ఎర్రగా ఉన్న గంటలు, క్వారంటీన్‌లో ఉన్న టెస్టులు. సమయానికి సగటు చూపకండి, పదింట తొమ్మిది బిల్డులు ఎంతలో అయ్యాయో చూపండి. ఏజెంట్ కోసం క్యూలో ఆగిన సమయాన్ని కూడా అందులో కలపండి. జాబ్ రకాన్ని బట్టి, జెంకిన్స్ చూపే బిల్డ్ డ్యూరేషన్‌లో ఆ నిరీక్షణ కలవకపోవచ్చు.